పొగపడవలో కొర్రమట్టలు

పడవలోకి నీళ్లొస్తే ఎవరైనా బయటికి తోడిపోస్తారు. ఆ పిల్ల మాత్రం బిందెతో లోపలికి పోస్తోంది.

వీరేందర్ నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మళ్లీ చూశాడు. నిజమే. పోస్తోంది.

వీరేందర్‌ది సూరారం. ఇంటర్ తప్పిన నాటి నుంచి మేనమామ రాజారావు స్క్రాప్ దుకాణంలో గ్యాస్ కట్టర్ పని. పాత బస్సులు కోశాడు, బాయిలర్లు కోశాడు, మూతబడ్డ ఫ్యాక్టరీల గేట్లు కోశాడు. "శామీర్‌పేట సెరువు ఎండిపోయి పాత ఇనుప పడవొకటి తేలిందంట. వేలంల పాడిన. పోయి కోస్కరా పో" అని మామ పంపితే, చేపలు పట్టే చిన్న పడవేదో అనుకుని ట్రాలీ ఆటోలో సిలిండర్లు వేసుకుని వచ్చాడు. రెండువేల మూడు ఎండాకాలం అది. సరైన వాన పడక ఏళ్లయింది. శామీర్‌పేటకు వెళ్లిన ప్రతిసారీ కట్ట మీద నిలబడి చూసిన నీళ్లు ఇప్పుడు లేవు. కంటికి ఆనినంత మేర తాబేటి వీపులా పగిలిన నేల.

ఆ నేల మధ్యలో, ఒక పక్కకు ఒరిగి, పడవ.

చిన్నది కాదు. రెండు లారీలను ఒకదాని వెనక ఒకటి నిలబెట్టినంత పొడుగు. నడుము దాకా ఒండ్రులో కూరుకుపోయి ఉంది. మీద తుప్పు పట్టిన పొగగొట్టం. ఒళ్లంతా తెల్లటి నత్తగుల్లలు, ఎవరో ఓపిగ్గా ఒక్కొక్కటే అతికించినట్టు. వీరేందర్ సముద్రం ఎన్నడూ చూడలేదు. ఓడను చూడాలంటే బొంబాయికో వైజాగుకో పోవాలనుకునేవాడు. మేడ్చల్ రోడ్డుకు ఇంత దగ్గర, బర్రెలు తిరిగేచోట, నీళ్ల కింద ఇది ఇన్నాళ్లూ పడుకునుందా! ఎందుకో తెలీదు, దగ్గరికొచ్చేసరికి చెప్పులు విడిచేశాడు. విడిచినందుకు కాళ్లు చుర్రుమన్నాయి. మళ్లీ తొడుక్కోబుద్ధి కాలేదు.

"ఓ మేడమ్! పడవ మునిగిపోవాల్నని పోస్తున్నవా ఏంది?"

పై నుంచి ఆ పిల్ల తిరిగి చూసింది. చున్నీ నడుముకు బిగించి కట్టుకుంది. జడ తడిసి భుజానికి అంటుకుపోయింది.

"నువ్వెవలు?"

"పడవ ఓనర్."

"గట్లనా? గీ పడవ మీ తాత కన్న పెద్దది. ఎప్పుడు కొన్నవ్, పోయిన జన్మలనా?"

"మా మామ వేలంల పాడిండు. నేను కోసేటోన్ని."

కోయడమనే మాటకు ఆమె ముఖంలో నవ్వు పోయింది. బిందె పక్కన పెట్టింది. "మీ మామ ఇనుము కొన్నడు. నీళ్లు గూడ కొన్నడా?"

"నీళ్లు మాకెందుకు?"

"అయితే నీళ్లు ముట్టకుండ ఇనుము కోస్కపో."

వీరేందర్‌కు అర్థం కాలేదు. ఆమె చెయ్యి ఊపి పైకి రమ్మంది. కప్పులో చెక్కలు ఊడిపోయిన సందు ఒకటుంది. "వంగి చూడు. సప్పుడు జెయ్యకు" అంది గుసగుసగా.

లోపల చీకటి. చల్లటి గాలి ముఖానికి కొట్టింది. పడవ కడుపు నిండా నల్లటి నీళ్లు, కదలకుండా. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఆ నలుపులోంచి ఇంకో నలుపు పైకి లేచింది. మోచెయ్యంత చేప. నీళ్ల మీదికి నోరు పెట్టి ఒక్క గుక్క గాలి మింగి, చప్పుడు లేకుండా మునిగిపోయింది. దాని వెనక ఇంకొకటి. ఆ వెనక ఇంకొకటి.

బయట ఆమడ దూరం ఎండిన మన్ను. ఇక్కడ, ఈ తుప్పు డొక్కులో, ఓ చెరువు బతికే ఉంది.

"కొర్రమట్టలు" అంది ఆమె. "సెరువుల మిగిలిన నీళ్లు గివ్వే, మిగిలిన సేపలు గివ్వే. వానలొచ్చి సెరువు నిండితే మళ్ల సెరువంత పిల్లల్ని వెట్టేది గివ్వే. నువ్వు ఒక్క బొక్క వెడితే అయిపాయె."

"వానలు రాకపోతే?"

"గా మాట మా నాయిన రోజు అడుగుతడు. నువ్వు గూడ అడగకు."

ఆమె పేరు వినోద. మేడ్చల్‌లో డిగ్రీ చదువుతోంది. తండ్రి ముత్తయ్య చెరువు మీద బతికినవాడు. చెరువు ఎండాక తూంకుంట వైపు బిల్డింగ్ పనికి పోతున్నాడు. కాలేజీ బస్సుకు ముందు, వచ్చాక, దగ్గరి పొలం బోరు నుంచి బిందెలు మోసి పడవలో పోయడం ఆమె పెట్టుకున్న పని. ఎవరూ చెప్పలేదు. ఎవరూ సాయం రాలేదు.

వీరేందర్ ఆటో వైపు చూశాడు. సిలిండర్లు ఎండలో మెరుస్తున్నాయి. రెండో బిందె తీసుకున్నాడు.

"బోరు యాడుంది?"

---

"ఏమైందిరా? కోసినవా?" అన్నాడు రాజారావు ఆ సాయంత్రం.

"గ్యాస్ అయిపోయింది మామా."

మరుసటిరోజు కట్టర్ ఖరాబైంది. ఆ తర్వాత పడవలో పాములున్నాయి.

"పాములుంటె భయపడాలె గదరా వీరిగా" అన్నాడు మామ, త్రాసు మీద ఇనుప ముక్కలు పడేస్తూ. "నువ్వేంది, పొద్దుగాలనే తల దువ్వుకొని, ఇస్త్రీ అంగి తొడుక్కొని ఉరుకుతున్నవ్? గా పాము పేరేంది?"

వీరేందర్ వినబడనట్టు ఆటో స్టార్ట్ చేశాడు.

చెరువులో ఆమె అతన్ని కట్టర్ సాబ్ అని పిలవడం మొదలుపెట్టింది. అతను మేడమ్ అనడం మానలేదు. బిందె ఎత్తేటప్పుడు చేతులు తగిలితే ఇద్దరూ ఒకేసారి సారీ అనేవాళ్లు. నీళ్లు పోశాక సందు దగ్గర బోర్లా పడుకుని చేపలు పైకొచ్చేదాకా చూసేవాళ్లు. చేప తల కనబడగానే వినోద అతని మోచేతిని పట్టుకునేది. చేప పోయినా కాసేపు వదిలేది కాదు.

"ఎందుకు కోస్తలేవు?" అని ఒకరోజు సూటిగా అడిగింది.

"పాములున్నయ్."

"నిజం చెప్పు."

"కోసేటప్పుడు దేన్నైనా తుక్కు లెక్కనే చూసిన. గిది తుక్కు లెక్క కనవడ్తలేదు. గుడిల నిలవడ్డట్టు అనిపిస్తది." ఆగి అన్నాడు, "నువ్వు గూడ ఉన్నవ్ గద."

వినోద అటు తిరిగింది. చెవులు ఎర్రబడ్డాయి. కాసేపటికి, మాట మార్చినట్టు, మెల్లగా అంది: "పడవ కోస్తరని మా అవ్వకు చెప్పలే. అవ్వ దీంట్ల ఉన్నది."

"దీంట్లనా?"

"మునిగిన దినం."

వీరేందర్ మళ్లీ సందు వైపు చూశాడు.

"అవ్వ అప్పుడు సిన్నపిల్ల. గంతకన్న ఎక్కువ చెప్పదు. గా దినం నుంచి గీ కట్ట దిగలే. మా తాత సేపలు వట్టి సాదిండు, మా నాయిన సేపలు వట్టి సాదిండు. అవ్వ గీ సెరువు సేప నోట్ల వెట్టలే. పడవ తేలిందని ఊరంత వచ్చి చూసిపాయె. అవ్వను రమ్మని అడిగే ధైర్యం మా ఇంట్ల ఎవ్వలికి లేదు."

---

ఒక మధ్యాహ్నం చిన్న జల్లు పడింది. దుమ్ము అణగడానికి చాలేంత. వారం తర్వాత ఒక పొద్దున వీరేందర్ వినోద ఇంటికి వెళ్లాడు. అరుగు మీద వినోద అవ్వ సుక్కమ్మ కూర్చుని ఉంది. పండుటాకులా ఉంది గానీ చూపు ఇంకా పదునే.

"ఎవలు బిడ్డా?"

"పడవ కోయవచ్చినోన్ని అవ్వా. కోస్తలేను. నువ్వు చూడకుండ కోయబుద్ధైతలేదు."

లోపల వంట చేస్తున్న వినోద చేతిలో గరిటె ఆగిపోయింది. వాకిట్లో ముఖం కడుక్కుంటున్న ముత్తయ్య అలాగే నిలబడిపోయాడు.

సుక్కమ్మ అరుగు అంచుకు జరిగింది. "నిజంగనే బయటవడ్డదా? పొగగొట్టం గూడ ఉన్నదా?"

"ఉన్నది."

"తోల్కపో" అంది ముసలమ్మ, చెయ్యి చాపి.

ట్రాలీ ఆటో చెరువులోకి ఎంత దూరం దిగుతుందో అంత దూరం తీసుకెళ్లాడు. ఎత్తుకుంటానంటే ఒప్పుకోలేదు. "నడుస్త. గీ నేల మీద నేనే నడుస్త." ఒక పక్క వీరేందర్, ఒక పక్క వినోద. వెనక, పనికి పోవడం మానేసి, ముత్తయ్య. అడుగు వేసినప్పుడల్లా ఎండిన పెంకులు పటపటమన్నాయి.

పడవ నీడలోకి రాగానే సుక్కమ్మ ఆగింది. తల పైకెత్తింది. చూస్తున్నది పడవను కాదు, దాని పైన ఉన్న ఖాళీ ఆకాశాన్ని.

"గంత ఎత్తు నీళ్లుండె నా నెత్తి మీద" అంది.

చూపు దించి పడవ వైపు చెయ్యి చూపించింది.

"ఎవలో నవాబు తెప్పిచ్చిండు. మేడ్చల్ టేషన్‌ల దింపి, ముక్కలు ముక్కలుగ ఎడ్లబండ్ల మీద తెచ్చి, గీ కట్ట కిందనే అతికిచ్చిండ్రు. నీళ్ల మీద పొగ వోతుంటె ఊర్లన్ని కట్ట మీదికొచ్చి దండాలు వెట్టినయ్. నవాబు సుట్టాలొస్తె మా అమ్మ పడవల సేపలు వేంపేది. ఆ దినం నేను గూడ ఎంబడి వోయిన." ఆమె ఒక అడుగు ముందుకేసింది. "గాలివాన లేశింది. అందరు ఒక్క దిక్కే ఉరికిండ్రు. పడవ గిట్ల ఒరిగింది. గంతే. బొగ్గు వేసే పోరడు నా ఎంటికలు వట్టి గుంజి ఒడ్డున వడేశిండు. మళ్ల దుంకిండు అమ్మ కోసం. మళ్ల దుంకిండు. మళ్ల దుంకిండు. అమ్మ దొరకలే."

"గా పోరడు..." అన్నాడు వీరేందర్.

"మీ తాత గండయ్య" అంది సుక్కమ్మ, వినోద వైపు తిరిగి. "గందుకే చేసుకున్న. నాతోటి ఎన్నడు గా మాట ఎత్తలే. బతుకమ్మ పండుగకు పొద్దుగాలనే తెప్పల ఇన్ని పూలు వేస్కొని ఒక్కడే వొయ్యేటోడు. యాడికంటె, అమ్మ కాడికి అనేటోడు. యాడనో నేనడగలే."

ముత్తయ్య తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. అతనికీ ఆ మాట కొత్తే.

సుక్కమ్మ ఇనుముకు అరచెయ్యి ఆనించింది. నత్తగుల్లల మీదుగా మెల్లగా నిమిరింది, జ్వరం చూసినట్టు. "అమ్మా, నేనొచ్చిన" అంది. గాలి పడవ లోపల తిరిగి హుమ్మన్నది.

తర్వాత ఆమెను పైకెక్కించారు. సందులోంచి వంగి చూసింది. వారం కిందటి జల్లుకు ఏమైందో, నల్లటి నీళ్ల మీద ఎర్రటి మబ్బులాంటిది ఒకటి తేలుతోంది. సన్నటి నిప్పురవ్వల్లా వందలాది చేపపిల్లలు, గుంపు విడవకుండా. వాటి కిందే, నీడలా, పెద్ద కొర్రమట్ట ఒకటి. పిల్లలు ఎటు జరిగితే అటు జరుగుతోంది.

"కావలి ఉన్నది" అంది సుక్కమ్మ. ఆ తర్వాత ఆమె కళ్లలోంచి నీళ్లు ఆ నీళ్లలో పడ్డాయి.

---

వినోదకు పరీక్షలు వచ్చాయి. కొన్ని రోజులు నీళ్లు పోసే పని వీరేందర్ ఒక్కడే చూశాడు. ఆఖరి పరీక్ష రాసి బస్సులో వస్తూ ఆమె కిటికీలోంచి చెరువు వైపు చూసింది. పడవ మీద నీలం మంట. నిప్పురవ్వలు ఎగిరి పడుతున్నాయి.

స్టాప్ రాకముందే బస్సు దిగింది. కట్ట మీది నుంచి పరుగు. దారిలో బోరు దగ్గర నిండి ఉన్న బిందె కనబడితే ఎత్తుకుంది. నల్లద్దాలు పెట్టుకుని పొగగొట్టం మొదలు కోస్తున్న వీరేందర్ మంట ఆర్పి నడుము ఎత్తాడో లేదో, బిందెడు నీళ్లూ నెత్తిన పడ్డాయి.

"నమ్మిన నిన్ను! మోసగాడా! అవ్వ ఏడ్చిన తావుల నిప్పు వెట్టనీకి నీకు చేతులెట్లొచ్చినయ్?"

వీరేందర్ అద్దాలు తీశాడు. ముక్కు మీంచి నీళ్లు కారుతున్నాయి. వేలితో పక్కకు చూపించాడు.

పడవ అంచున, గొడుగు నీడలో, సుక్కమ్మ కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. గొడుగు పట్టుకుని నిలబడింది సాక్షాత్తూ రాజారావు. చెమటతో చొక్కా తడిసి, కాళ్లు మార్చి మార్చి నిలబడుతున్నాడు.

"ఏం పిల్లవే" అంది సుక్కమ్మ. "నేనే కోయమన్న. పైనున్న గొట్టం, కడ్డీలు, రేకులు తీస్కపోర్రి, కడుపు ముట్టకుర్రి అని చెప్పిన. గీ పెద్దమనిషి ఒప్పుకున్నడు."

"ఒప్పుకోక?" అన్నాడు రాజారావు. "మా వీరిగాడు దుకాణంల అన్నం తినుడు బంద్ వెట్టిండు. ఇగ గీ అవ్వ నన్ను కూసోవెట్టి పడవ కథంత చెప్పింది. చెప్పినంక ఇనుము నాకు ఇనుము లెక్క కనవడ్తలేదమ్మా. నా ధందా ఖరాబ్ జేసిండ్రు."

వినోద ఖాళీ బిందెను వెనక దాచుకుంది. "సారీ" అంది నేలను చూస్తూ.

"ఏమన్నవ్? ఇనవడలే. సెవులల్ల నీళ్లున్నయ్."

"సారీ అన్న!"

"అన్న అనకు" అన్నాడు వీరేందర్ కంగారుగా.

రాజారావు గొడుగు ఊగిపోయేట్టు నవ్వాడు.

---

పని అయిపోయింది. ఇక శామీర్‌పేటకు పోవడానికి సాకు లేదు. సూరారంలో వీరేందర్ మళ్లీ బాయిలర్లు కోశాడు. మంట చూస్తే నీళ్లు గుర్తొచ్చేవి. ఆషాఢం దాటాక ఒకరోజు ఆకాశం దుకాణం రేకుల మీద విరిగి పడింది. ఆ రోజు పడింది, ఆ మర్నాడూ పడింది. మూడోనాడు కూడా తెరిపి ఇవ్వకపోతే రాజారావే విసుక్కున్నాడు.

"పోరా. పోయి పడవ మునిగిందో లేదో చూసి రాపో. గా ముఖం నేను చూడలేకపోతున్న."

కట్ట మీద ఊరు ఊరంతా ఉంది. వాగుల నీళ్లు ఎర్రగా వచ్చి చెరువులో పడుతున్నాయి. నేల పగుళ్లు ఎక్కడున్నాయో తెలీదు. మధ్యలో పడవ, చుట్టూ నీళ్లు. పడవ పక్కన నడుములోతులో వినోద.

వీరేందర్ దిగి నడిచాడు. నీళ్లు మోకాళ్లు దాటాయి, తొడలు దాటాయి. కాలు జారింది. రెండు గుక్కలు మింగి, చేతులు కొట్టుకుంటూ లేచేసరికి ఆమె వచ్చి చొక్కా పట్టుకుని ఉంది.

"ఈత రాదా నీకు?"

"రాదు."

"రాకుండనే సెరువుల దిగినవా?"

"నువ్వున్నవ్ గద!"

వాన చప్పుడులో అరిచి చెప్పాల్సి వచ్చింది. అరిచాక అతనికే తెలిసింది ఏమన్నాడో. "నువ్వు యాడుంటె గాడికి వస్త వినోదా. నీళ్లున్నా లేకున్నా. నన్ను చేసుకుంటవా?"

ఆమె జవాబు చెప్పలేదు. అతని చెయ్యి పట్టుకుని పడవ ఒరిగి ఉన్న అంచు దగ్గరికి లాగింది. చెరువు నీళ్లు అంచును తాకుతున్నాయి. ఇంకాస్త. ఇంకాస్త. ఒక చిన్న అల అంచు దాటి లోపలికి జారింది. లోపలి నీళ్లు, బయటి నీళ్లు ఒకటైపోయాయి.

ఏదో బలమైనది వీరేందర్ మోకాలిని రాసుకుంటూ పోయింది. తర్వాత ఇంకొకటి. తర్వాత లెక్క లేదు. కొర్రమట్టలు అంచు దాటి, ఇద్దరి కాళ్ల మధ్య నుంచి, చెరువులోకి పోతున్నాయి. ఒక్కటీ కనబడటం లేదు. ఒంటికి తెలుస్తోంది, అంతే. ఇద్దరూ కదలకుండా నిలబడ్డారు. వినోద ఏడుస్తోందో నవ్వుతోందో వానలో తెలియలేదు.

ఒడ్డుకొచ్చేసరికి ముత్తయ్య నిలబడి ఉన్నాడు. ఇద్దరూ పట్టుకున్న చేతుల వంక చూశాడు. వాళ్లకు వదలడం గుర్తు రాలేదు.

"కాకా..." అన్నాడు వీరేందర్, పళ్లు టకటక కొట్టుకుంటుంటే. "కాకా, నేను..."

"కాక అనుడు బంద్ జెయ్" అన్నాడు ముత్తయ్య గట్టిగా.

వీరేందర్ చటుక్కున చెయ్యి వదిలేశాడు.

"కాక అంటె పిల్లకు అన్నవైతవ్. వరస కలవదు. మామ అను." తువ్వాలు తీసి అతని నెత్తిన పడేశాడు. "తుడ్సుకో. మీ మామను రమ్మను, మాట్లాడుకుందం. ముంగల ఈత నేర్సుకో. ఈత రానోడు మా ఇంటల్లుడంటె సెరువు నవ్వుతది."

---

రాజారావు వచ్చాడు. మాటలయ్యాయి. సుక్కమ్మ వీరేందర్ తల మీద చెయ్యి పెట్టి, చాలాసేపు తీయలేదు. లగ్గం దసరా దాటాక అనుకున్నారు. అందరూ అన్నీ చెప్పారు. ఒక్క వినోదే ఏమీ చెప్పలేదు.

చెరువు నిండి, పొంగిన నీళ్లు మత్తడి మీంచి దూకిన ఆదివారం ఆమె అతన్ని తెప్ప మీద తీసుకెళ్లింది. పడవ ఎక్కడా లేదు. ఎండలో ఎటు చూసినా మెరిసే నీళ్లే. తండ్రి చూపించిన గుర్తులు పట్టుకుని ఒకచోట తెడ్డు ఆపింది.

"గీడనే. మన కింద."

వీరేందర్ రెండు చేతులతో తెప్పను గట్టిగా పట్టుకుని వంగాడు. పచ్చటి నీళ్లు, లోతుకు పోయేకొద్దీ నల్లగా. అంత అడుగున ఆ ఇనుము, ఆ తల్లి, గండయ్య దూకిన దారులు. తను నడిచిన నేలకు ఎంతో పైన ఇప్పుడు తను కూర్చుని ఉన్నాడు.

"వినోదా, అందరు ఒప్పుకున్నరు. నువ్వే నోరు ఇప్పుతలేవు."

ఆమె పెదవుల మీద వేలు పెట్టి చూపించింది. తెప్పకు బారెడు దూరంలో నీళ్ల మీద ఎర్రటి చేపపిల్లల గుంపు ఒకటి మెల్లగా సాగిపోతోంది. కింద పెద్ద నీడ. అది వాళ్లను దాటేదాకా ఇద్దరూ ఊపిరి బిగపట్టారు.

అప్పుడు వినోద వంగి అతని చెవి దగ్గర అంది: "నాకు నువ్వే గావాలె. గట్టిగ అంటె పిల్లలు బెదురుతయని ఆగిన."

"మళ్లొకసారి అను" అన్నాడు వీరేందర్. "మెల్లగనే."

ఆమె మళ్లీ అంది.